ఒక్కతే బయల్దేరాలంటే: ఫిలిప్పీన్స్ ఆడవాళ్ల ప్రయాణాల మీద ప్రసంగం

(రికార్డు విని రాసిన పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి లాక్కుంటాను. సరే.

ఇవాళ నన్ను ఫిలిప్పీన్స్ ఆడవాళ్ల ఒంటరి ప్రయాణాల గురించి మాట్లాడమన్నారు. ఇలాంటి విషయానికి ఒక పద్ధతుంది, మీకు తెలుసు. ఒక గొప్పావిడ పేరు చెప్పాలి, ఆవిడ ఎన్ని దేశాలు తిరిగిందో చెప్పాలి, మీ చేత చప్పట్లు కొట్టించాలి. అలాంటావిడ ఉంది కూడా. లూయిసా యూ అని, ఫిలిప్పీన్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డావిడ. ఐక్యరాజ్య సమితిలో ఉన్న 193 దేశాలూ చూసేసింది. ఆఖరిది సెర్బియా, 2023లో. అప్పటికి ఆవిడ వయసు 79. బాగుంది కదా? చాలా బాగుంది. కానీ ఆవిడ గురించి విని ఇంటికెళ్తే మీ చేతికి ఏమొస్తుంది? మనీలాలోనో ఇలొయిలోలోనో ఉద్యోగం చేసుకుంటూ, జీతంలో కొంచెం కొంచెం దాచుకుని, ఒక్కతే బయల్దేరే మామూలు అమ్మాయి ఉంటుంది చూశారా? ఆ అమ్మాయి ఏమేం దాటుకుని వెళ్లాలి, ఎక్కడ ఇరుక్కుంటుంది, ఎందుకు ఇరుక్కుంటుంది, నేను అది చెప్తాను.

అసలు ఫిలిప్పీన్స్ ఆడవాళ్లకి ఒంటరిగా దేశం దాటడం కొత్తా? కాదు. 1974లో వాళ్ల లేబర్ కోడ్ వచ్చాక ప్రభుత్వమే ఒక పద్ధతి ప్రకారం మనుషుల్ని విదేశాలకి పనికి పంపడం మొదలుపెట్టింది. ఇవాళ బయటి దేశాల్లో పనిచేస్తున్న ఫిలిపినోల్లో సగానికి పైగా ఆడవాళ్లే. హాంకాంగ్‌లో ఇంటిపని, సౌదీలో నర్సు పని. పిల్లల్ని అమ్మమ్మకి అప్పజెప్పి ఒక్కతే విమానం ఎక్కిన తల్లి ఉంటుంది, వీధి వీధికీ. మన కోనసీమలో లేరా? రాయచోటి వైపు లేరా? కువైట్ వెళ్లిన అక్కో పిన్నో లేని వీధి అక్కడ చూపించండి.

కాబట్టి కొత్తది ఒంటరిగా వెళ్లడం కాదండీ. సరదాకి వెళ్లడం కొత్త. సంపాదించడానికి ఒక్కతే వెళ్తే త్యాగం అంటారు. సముద్రం చూడ్డానికి ఒక్కతే వెళ్తే మాత్రం, 'ఏమిటీ, ఒక్కదానివేనా?' అని మొదలుపెడతారు. అక్కడా అదే ప్రశ్న. 'మాగ్-ఇసా కా లాంగ్?' అని. ట్రైసికిల్, అంటే పక్కన తొట్టి బిగించిన మోటారుసైకిలు, అది నడిపేవాడు అడుగుతాడు, లాడ్జిలో అడుగుతారు, పడవలో పక్కన కూర్చున్న పెద్దావిడ అడుగుతుంది. పెద్దావిడ అడగడంలో తప్పులేదు, చేతిలో అరటిపండు కూడా పెడుతుంది. చిక్కల్లా అదే ప్రశ్న యూనిఫాం వేసుకున్న మనిషి అడిగినప్పుడు.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. నలుగురు కలిసి వెళ్తే ఒకరి పొరపాటుని ఇంకొకరు సర్దుతారు. ఒకరు మరుగుదొడ్డికెళ్తే ఇంకొకరు సామాను చూస్తారు. పడవ కిరాయి నాలుగు వాటాలేసుకుంటారు. ఒక్కతే వెళ్తే? ఆ సర్దుబాటు ఎక్కడినుంచి వస్తుంది? ముందే కొనుక్కోవాలి. ఒక కాగితం ఎక్కువ, ఒక రోజు ఎక్కువ, కాస్త డబ్బు ఎక్కువ. ధైర్యం సంగతి తర్వాత చూద్దాం, ముందు వెసులుబాటు ఉందా లేదా? ఈ వెసులుబాటు అన్న మాట ఇవాళ చాలాసార్లు అంటాను, విసుక్కోకండి.

కౌంటరు దగ్గర

మొదటి గండం విదేశంలో లేదు. సొంత విమానాశ్రయంలోనే ఉంది. మనం మామూలుగా వీసా ఇచ్చే దేశం అడ్డుకుంటుందేమో అని భయపడతాం. ఫిలిపినో అమ్మాయి భయం వేరు. తన దేశమే తనని వెళ్లనివ్వదేమో అని భయం. దీన్ని వాళ్లు 'ఆఫ్‌లోడ్' అంటారు. టికెట్టు ఉంటుంది, బోర్డింగ్ పాసు ఉంటుంది, వీసా అక్కర్లేని దేశమే, అయినా ఇమిగ్రేషన్ అధికారి ఆపేస్తాడు.

ఎందుకు ఆపుతారు? మనుషుల అక్రమ రవాణా. అక్కడ 2003లో దానికి చట్టం చేశారు, 2012లో ఒకసారి, 2022లో ఒకసారి గట్టిపరిచారు. టూరిస్టునని చెప్పి వెళ్లి దుబాయిలోనో, మయన్మార్ మోసాల ముఠాల చేతిలోనో చిక్కుకున్నవాళ్లు నిజంగా ఉన్నారు. కాదనలేం. అధికారి భయానికి కారణం ఉంది. కానీ లెక్క చూడండి. 2022లో 32,404 మంది ఫిలిపినోలని విమానం ఎక్కకుండా ఆపారు. అందులో అక్రమ రవాణాకో, దొంగ రిక్రూట్‌మెంటుకో బాధితులని తేలినవాళ్లు 472 మంది. నూటికి ఒకటిన్నర! మిగతా అందరూ అబద్ధాలు చెప్పారని కాదు, అందరూ నిజం చెప్పారనీ కాదు. వల చాలా పెద్దది వేశారు, అంత వరకు అనొచ్చు. వాళ్ల 1987 రాజ్యాంగంలో మూడో అధికరణం ఆరో సెక్షను ప్రయాణం హక్కు అని రాసిపెట్టింది. దేశ భద్రత, ప్రజల క్షేమం, ప్రజారోగ్యం, ఈ మూడింటి కోసం, అదీ చట్టం చెప్తేనే, ఆ హక్కుని తగ్గించాలి. కౌంటరు దగ్గర నిలబడ్డ అమ్మాయికి ఆ సెక్షను గుర్తుంటుందా? గుర్తున్నా వాదిస్తుందా? గేటు ఇంకో నలభై నిమిషాల్లో మూసేస్తారు.

2023 మార్చిలో ఒక సంగతి బయటికొచ్చి పెద్ద గొడవైంది. ఇజ్రాయెల్ వెళ్తున్న ఒకమ్మాయిని కాలేజీ ఇయర్‌బుక్ ఉందా, పట్టా పుచ్చుకున్న ఫొటో ఉందా అని అడిగారు. నవ్వుతున్నారు మీరు. ఆ అమ్మాయికి విమానం తప్పిపోయింది. ఇమిగ్రేషన్ శాఖ తర్వాత క్షమాపణ చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో ఇంకా పొడుగాటి కాగితాల జాబితాతో కొత్త నియమాలు తెచ్చారు, సెప్టెంబరు నుంచి అమలన్నారు. సెనేట్‌లో గట్టిగా అడిగేసరికి ఆపేశారు. ఆపింది కొత్త నియమాల్ని. పాత నియమాలు, 2015 నాటివి, అలాగే ఉన్నాయి.

సరే, మరి ఆ అమ్మాయి ఏం చెయ్యాలి? వరసగా చెప్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి.

పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువుండాలి. ఇది అందరికీ తెలిసిందే. ప్రయాణానికి 72 గంటల లోపల ఈట్రావెల్ అని ప్రభుత్వ సైటులో వివరాలు నింపాలి. డబ్బు కట్టక్కర్లేదు. డబ్బు అడిగిందంటే అది దొంగ సైటు, మూసేయండి. వచ్చిన క్యూఆర్ కోడ్‌ని ఫోనులో బొమ్మగా దాచుకోవాలి, ఎందుకంటే సరిగ్గా కౌంటరు దగ్గరే నెట్టు రాదు. తర్వాత ట్రావెల్ ట్యాక్సు. 1977లో అప్పటి అధ్యక్షుడు మార్కోస్ ఇచ్చిన డిక్రీ అది, ఇంకా వదల్లేదు. ఎకానమీ టికెట్టుకి 1,620 పెసోలు. ఎత్తేయాలన్న వాదన నడుస్తోంది కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి చూసుకోవాలి. దీన్ని టికెట్టుతోపాటే కట్టేయొచ్చు. చాలామంది టికెట్టు చవగ్గా దొరికిందన్న సంతోషంలో దీన్ని మర్చిపోతారు. విమానాశ్రయంలో ఆ కౌంటరు దగ్గర వరసలో నిలబడి, చెక్-ఇన్‌కి ఆలస్యమై, ఇమిగ్రేషన్‌కి వచ్చేసరికి చెమటలు కారుతుంటాయి. చెమట పట్టిన మనిషిని చూస్తే అధికారికి ఏమనిపిస్తుంది? మీరే చెప్పండి.

ఇమిగ్రేషన్‌లో మొదటి కౌంటరు దగ్గర ప్రశ్నలు మామూలువే. ఎక్కడికి, ఎన్నాళ్లు, ఖర్చు ఎవరిది, ఏం పని చేస్తావు. దీనికి జవాబులు తెలివిగా ఉండక్కర్లేదు, కాగితాలతో కలిస్తే చాలు. ఐదు రోజులని చెప్పి టికెట్టు పదహారు రోజులకి ఉంటే పోయినట్టే. హోటల్ బుక్ చేసి, వీసా పని అవ్వగానే డబ్బు మిగుల్తుందని రద్దు చేసుకుంటారు చూడండి, వాళ్లూ అక్కడే దొరికిపోతారు. ఫోను చేసి కనుక్కుంటారు మరి. స్నేహితుడు రమ్మన్నాడని చెప్తే, ఎవరా స్నేహితుడు, ఎక్కడ పరిచయం అని మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో పరిచయం అన్నారా, ఇంక లోపలి గదికే. దాన్ని సెకండరీ ఇన్‌స్పెక్షన్ అంటారు, ఒక ఫారం నింపిస్తారు.

ఆ గదిలో అక్కరకొచ్చేవి ఇవి: ఉద్యోగం చేస్తున్నట్టు కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్టు, సెలవు మంజూరు చేసిన ఉత్తరం, కంపెనీ గుర్తింపు కార్డు, ఆదాయపు పన్ను కాగితం, తిరుగు టికెట్టు, హోటల్ రసీదు. సొంతంగా పనిచేసుకునేవాళ్లయితే వ్యాపారం రిజిస్ట్రేషను. అన్నీ కాగితం మీద అచ్చువేసి తీసుకెళ్లాలి. ఫోనులో ఉన్నాయి సార్ అంటే కుదరదా? కుదురుతుంది, ఛార్జింగ్ ఉన్నంతసేపు. కానీ అడిగేదాకా సంచీలోంచి తీయకూడదు. అడక్కుండానే కాగితాల బొత్తి అంతా బయటపెట్టేస్తే, ఈవిడ దేనికో బాగా తయారై వచ్చిందే అనుకుంటారు. ఇదొక విచిత్రం.

ఎక్కువమంది కుదేలయ్యేది స్పాన్సర్ దగ్గర. దుబాయిలో పిన్ని ఉంది, టికెట్టు ఆవిడే కొంది. అప్పుడు ఆ పిన్ని, అక్కడున్న ఫిలిప్పీన్స్ కాన్సులేటుకి వెళ్లి, ఖర్చంతా నాదీ అని ప్రమాణపత్రం రాసి ముద్ర వేయించి పంపాలి. అసలు ప్రతి కావాలి, స్కాన్ చేసింది చాలదు. అంతటితో అయిందా? ఆవిడ నీ పిన్నే అని రుజువేది? బంధుత్వం నాలుగో అంతరం లోపల ఉండాలి. వాళ్ల లెక్క ఎలాగంటే, అమ్మానాన్నలు ఒకటి, అక్కచెల్లెళ్లు అన్నదమ్ములు రెండు, పిన్ని పెదనాన్నలు మూడు, వాళ్ల పిల్లలు నాలుగు. అక్కడితో ఆఖరు. పిన్ని అని చూపించాలంటే మూడు పుట్టిన పత్రాలు కావాలి. అమ్మాయిది, అందులో తల్లి పేరుంటుంది. తల్లిది, పిన్నిది, ఆ రెండింట్లో ఒకే అమ్మమ్మా తాతయ్యా పేర్లుండాలి. స్పెల్లింగు తేడా ఉంటే అదొక తలనొప్పి. ఈ పత్రాలు వాళ్ల గణాంక సంస్థ పీఎస్ఏ ఇస్తుంది, రావడానికి రోజులు పడుతుంది. వారం ముందు గుర్తొస్తే ఏం లాభం?

అయినా ఆపేశారనుకోండి. టికెట్టు డబ్బు ప్రభుత్వం ఇవ్వదు. ఏడవడం సహజమే, కానీ అక్కణ్నుంచి కదిలేముందు ఎందుకు ఆపారో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. ఏ కాగితం లేదన్నారో తెలిస్తే అది సంపాదించి మళ్లీ రావచ్చు. ఒకసారి ఆపినంత మాత్రాన శాశ్వతంగా నిషేధించినట్టు కాదు. ఇది తెలియక చాలామంది ఆశ వదులుకుంటారు.

మనదగ్గర ఇలాంటిది లేదా అని ఎవరో అడగబోతున్నట్టున్నారు. ఉంది. ఈసీఆర్ ముద్ర, అంటే పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో గల్ఫు లాంటి 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండాలి, నర్సులకి మినహాయింపు. ఆ నియమం కాపాడ్డానికే పెట్టారు. మరి దాన్ని తప్పించుకోడానికి విజిట్ వీసా మీద పంపే ఏజెంట్లు పుట్టుకొచ్చారా లేదా? గోదావరి జిల్లాలవాళ్లు చెప్పాలి. తలుపు బిగిస్తే కిటికీ ఖరీదు పెరుగుతుంది. రెండు దేశాల్లోనూ అదే జరిగింది.

వీసాల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఫిలిపినోలకి ఆసియాన్, అంటే ఆగ్నేయాసియా కూటమి దేశాల్లో తిరగడానికి వీసా అక్కర్లేదు. మలేషియా, సింగపూర్, ఇండోనేషియా 30 రోజులు, వియత్నాం 21 రోజులు. హాంకాంగ్ 14 రోజులు. అందుకే మొదటి ఒంటరి ప్రయాణం బ్యాంకాకో, హాంకాంగో అవుతుంది. అక్కడ రెండు మూడు ముద్రలు పడ్డాక జపాన్‌కి అర్జీ పెడతారు. జపాన్ ఫిలిపినోల దగ్గర వీసా రుసుము తీసుకోదు, అర్జీలు పుచ్చుకునే కేంద్రం ఛార్జీ ఒకటి ఉంటుంది. బ్యాంకు కాగితంలో ఎంత ఉందన్నదానికంటే ఎలా వచ్చిందన్నది చూస్తారు. అర్జీకి వారం ముందు ఎవరో అప్పిచ్చిన లక్ష పెసోలు ఉన్నట్టుండి ఖాతాలో పడితే అది సాయం చెయ్యకపోగా చెడగొడుతుంది.

నీళ్ల మీద

ఇప్పుడు దేశం లోపల తిరగడం గురించి. నాకు ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఎక్కువసేపు పడుతుంది, ఓపిక పట్టండి.

7,641 దీవులు. ఇదివరకు 7,107 అనేవారు, మళ్లీ కొలిస్తే 2016లో ఇంకో ఐదొందల చిల్లర తేలాయి. ఇన్ని దీవులున్న చోట రోజుల లెక్క ఎవరు వేస్తారు? గాలి వేస్తుంది. రెండు గాలులు. ఈశాన్యం నుంచి వచ్చేది అమిహాన్, సుమారు అక్టోబరు చివర్నుంచి మార్చి దాకా. నైరుతి నుంచి వచ్చేది హబాగాత్, జూన్ నుంచి సెప్టెంబరు. మన నైరుతి, ఈశాన్య రుతుపవనాలే, కాబట్టి మనకి చెప్పకుండానే అర్థమవుతుంది. అమిహాన్‌లో పసిఫిక్ వైపు, అంటే సియార్గావ్, కటండ్వానెస్ వైపు సముద్రం రేగుతుంది. హబాగాత్‌లో పడమటి వైపు, ఎల్ నిడో, కొరోన్ వైపు రేగుతుంది. కాబట్టి 'ఫిలిప్పీన్స్‌కి ఎప్పుడు వెళ్లాలి?' అని అడక్కూడదు. ఏ ఒడ్డుకి ఎప్పుడు వెళ్లాలి అని అడగాలి.

దీని పైన తుపాన్లు. ఏడాదికి సుమారు 20 వాళ్ల పరిధిలోకి వస్తాయి, ఎనిమిదో తొమ్మిదో నేలని తాకుతాయి. వాతావరణ శాఖని పగాసా అంటారు. గాలి సంకేతాలు ఒకటి నుంచి ఐదు దాకా ఇస్తుంది. ఒకటో నంబరంటే గంటకి 39 నుంచి 61 కిలోమీటర్ల గాలి. వినడానికి చిన్నదే. ఒడ్డున నిలబడితే ఎండ కూడా కాస్తుంటుంది. కానీ ఒకటో నంబరు ఎగిరిందంటే కోస్ట్ గార్డు పడవల్ని ఆపేస్తుంది. రేవులో వందలమంది ఇరుక్కుపోతారు. ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి నాలుగు రోజులు. పడవవాణ్ని బతిమాలితే వెళ్తాడా? వెళ్లే పడవ ఎక్కడో ఒకటి దొరుకుతుంది. అదే ఎక్కకూడదు.

ఎందుకు ఎక్కకూడదో ఒక పాత సంగతి చెప్తాను. 1987 డిసెంబరు 20 రాత్రి. టక్లోబాన్ నుంచి మనీలా వెళ్తున్న డోన్యా పాజ్ అనే ఓడ, వెక్టర్ అనే ఆయిలు ట్యాంకర్ని ఢీకొంది. నాలుగు వేలమందికి పైగా పోయారు. యుద్ధాలు లేని కాలంలో అంత పెద్ద ఓడ ప్రమాదం ఇంకోటి లేదు. మరి ఓడవాళ్ల దగ్గరున్న జాబితాలో ఎంతమంది? సుమారు పదిహేను వందలు. మిగతావాళ్లు? పేరు లేకుండా ఎక్కినవాళ్లు. కుటుంబంతో ఎక్కితే ఇంకొకరెవరో చెప్తారు, ఫలానావాళ్లు ఎక్కారని. ఒక్కతే ఎక్కిన మనిషి పేరు జాబితాలో లేకపోతే, ఆమె ఆ ఓడలో ఉందని ఎవరికి తెలుస్తుంది? అందుకని ఇవాళ రేవులో పేరు, వయసు, చిరునామా రాయమంటే విసుక్కోకుండా, స్పష్టంగా రాయాలి. వేరేవాళ్ల పేరు మీద ఉన్న టికెట్టు తక్కువకి ఇస్తామన్నా కొనకూడదు. ఎక్కబోయే ముందు పడవ పేరు, బయల్దేరే టైము ఇంట్లో ఒక్కరికి మెసేజి పెట్టాలి. ఒక్కరికి చాలు. పదిమందికి పెడితే తొమ్మిది మంది ఇంకొకరు చూసుకుంటారులే అనుకుంటారు. 'సాయంత్రం ఆరు దాకా సిగ్నల్ ఉండదు, ఎనిమిదైనా పలక్కపోతే ఈ నంబరుకి చెయ్యి' అని రేవు నంబరో, లాడ్జి నంబరో ఇవ్వాలి. ఊరికే జాగ్రత్తగా ఉన్నానని చెప్తే ఉపయోగం లేదు, టైము చెప్పాలి.

రాత్రి ఓడలున్నాయి, సెబూ నుంచి సురిగావ్ లాంటివి. రైలు బెర్తుల్లా మంచాలు పైనా కిందా ఉంటాయి. టికెట్టు కొనేటప్పుడే కింది మంచం అడగాలి, పిల్లలతో ఉన్న కుటుంబాల పక్కన అడగాలి. ఎక్కగానే లైఫ్ జాకెట్టు ఎక్కడుందో, మెట్లు ఎటున్నాయో చూసుకుని అప్పుడు పడుకోవాలి. పొద్దున్నే సురిగావ్‌లో దిగితే అక్కణ్నుంచి సియార్గావ్‌కి వేరే పడవ, రెండు మూడు గంటలు.

చిన్న పడవల్ని బాంకా అంటారు. రెండు పక్కలా వెదురు తెడ్డుల్లాంటి ఊతలుంటాయి, బోల్తా పడకుండా. వెనక కూర్చుంటే ఇంజను హోరు, పొగ. ముందు కూర్చుంటే ప్రతి అలా నడుముకి తగుల్తుంది. మధ్యలో కూర్చోండి. చాలాచోట్ల రేవు కట్ట ఉండదు, మోకాల్లోతు నీళ్లలో దిగాలి. ఫోను, పాస్‌పోర్టు, డబ్బు నీళ్లు చొరని సంచీలో ఉండాలి, ఆ సంచీ భుజానికుండాలి, పడవ కుర్రాడి చేతికివ్వకూడదు. వాడు దొంగని కాదు, వాడికి ఇరవై సంచులుంటాయి. బటానెస్ దీవుల్లో మాత్రం ఫలువా అని వేరే రకం పడవ, దానికి పక్క ఊతలుండవు. అక్కడి అలలకి అవి నిలవవు. ఇవానా నుంచి సబ్‌తాంగ్‌కి అరగంటే ప్రయాణం, కానీ పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నం సముద్రం మాట వినదు.

విమానాలకీ ఇలాంటి గొడవే ఉంది. చాలా చిన్న దీవుల విమానాశ్రయాల్లో రాత్రి దిగడానికి దీపాల ఏర్పాటు లేదు. పొద్దున మనీలాలో మొదలైన ఆలస్యం సాయంత్రానికి పెరిగి పెరిగి, పొద్దుగూకేలోగా చేరలేమని ఆఖరి విమానం రద్దు చేస్తారు. కాబట్టి టికెట్టు నాలుగొందలు ఎక్కువైనా పొద్దున మొదటిది తీసుకోవాలి. దీవినుంచి తిరిగొచ్చిన రోజే విదేశీ విమానం పెట్టుకోకూడదు. మధ్యలో ఒక రాత్రి మనీలాలోనో సెబూలోనో ఉండాలి. ఇదే నేను చెప్పే వెసులుబాటు రోజు.

ఇప్పుడు డబ్బు. ఒంటరి ప్రయాణం చవకని ఎవరు చెప్పారో కానీ, ఫిలిప్పీన్స్‌లో అది కుదరదు. అక్కడ చాలా వాటికి కిరాయి మనిషికి కాదు, మొత్తానికి. బాంకా మొత్తానికి, వ్యాను మొత్తానికి, గైడు గుంపుకి. ఆరుగురైతే తలా కొంచెం, ఒక్కతే అయితే మొత్తం తనే. దీనికి వాళ్లు కనిపెట్టిన మందు 'జాయినర్'. అంటే తెలియని గుంపులో ఒక సీటు కొనుక్కోవడం. ఎల్ నిడోలో ఏ, బీ, సీ, డీ అని నాలుగు టూర్లుంటాయి, జాయినర్‌గా వెళ్తే మనిషి లెక్కనే. సగాడా అనే కొండ ఊళ్లో గుహల్లోకి గైడు లేకుండా పోనివ్వరు, గైడుకి ఇచ్చేది గుంపుకి ఇంతని. ఒక్కతే వచ్చినావిడ ఏం చేస్తుందంటే, పొద్దున్నే పేరు నమోదు చేసే ఆఫీసు దగ్గర నిలబడి ఎవరైనా కలుస్తారా అని చూస్తుంది. ఎనిమిదింటికి నిలబడితే దొరుకుతారు, పదకొండింటికి వెళ్తే ఉండరు. డబ్బైనా పెట్టాలి, టైమైనా పెట్టాలి. రెండూ మిగలవు.

ట్రైసికిల్ ఎక్కేముందు 'స్పెషల్' కాదని చెప్పాలి. స్పెషల్ అంటే బండంతా మనదే, అన్ని సీట్లకీ మనమే ఇవ్వాలి. ఎక్కాక అడిగితే అది స్పెషలే అయిపోతుంది. సీటు లెక్కన తిప్పే వ్యాన్లు నిండేదాకా కదలవు. ప్యుర్టో ప్రిన్సెసా నుంచి ఎల్ నిడోకి ఐదారు గంటలు, నిండటానికి ఇంకో గంట వేసుకోండి. జీప్‌నీ, అంటే జీపులాంటి చిన్న బస్సు, ఎక్కితే డబ్బు చేతులు మారుతూ ముందుకెళ్తుంది, 'బయాద్ పో' అని పక్కవాళ్లకి అందించాలి, దిగాలంటే 'పారా పో' అనాలి. డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారంటే మీరే కండక్టరు, అందరి డబ్బూ మీ చేతుల మీదుగానే వెళ్తుంది! కానీ రాత్రిపూట ఆ సీటే మంచిది, వెనక మెట్టు దగ్గర ఫోన్లు లాక్కుపోతారు. పొద్దున పూట చిల్లరే ఇవ్వమని బోర్డులు కూడా పెడతారు. వెయ్యి పెసోల నోటు చిన్న దీవిలో కాగితంతో సమానం. విదేశీ కార్డుతో ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ సుమారు 250 పెసోలు కోస్తారు. కాబట్టి పెద్ద ఊళ్లోనే ఒకేసారి తీసి, ఇరవైలు, యాభైలు, వందలుగా మార్చుకుని, రెండు చోట్ల పెట్టుకోవాలి.

పండగలు చూసుకోవాలి. గుడ్ ఫ్రైడే వారం, నవంబరు 1 సమాధుల పండగ, డిసెంబరు 20 తర్వాత, ఈ మూడుసార్లూ దేశమంతా సొంతూళ్లకి కదులుతుంది. మన సంక్రాంతికి విజయవాడ బస్టాండు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. గుడ్ ఫ్రైడే నాడు చాలాచోట్ల బస్సులూ పడవలూ తిరగవు, హోటళ్లు మూసేస్తారు. ఒక్కతే ఉన్నావిడ ముందు రోజే బిస్కెట్లూ నీళ్లూ కొనిపెట్టుకోవాలి.

వేధింపుల సంగతి చెప్పమని ఇందాక చీటీ వచ్చింది. ఉన్నాయి. లేవని చెప్తే అబద్ధం. 2019లో సేఫ్ స్పేసెస్ చట్టం వచ్చింది, జనం దాన్ని 'బవాల్ బాస్తోస్', అంటే అసభ్యత కూడదు, అంటారు. వీధిలో ఈల వేయడం, వెంటపడటం, బస్సులో తడమడం, అన్నీ నేరాలే. ఈల వేసినా జరిమానా ఉంది, సమాజసేవ కూడా చేయిస్తారు. వెళ్లాల్సింది ఎక్కడికి? ప్రతి బరంగాయ్‌లోనూ, అంటే మన వార్డులాంటిది, ఆడవాళ్లమీద హింసకి వేరే డెస్కు ఉంటుంది. పోలీసు స్టేషన్లో ఆడవాళ్లకీ పిల్లలకీ వేరే డెస్కు. ఊళ్లోకి దిగగానే బరంగాయ్ హాలు ఎటుందో చూసుకోవాలి, అంతే. అత్యవసరానికి నంబరు 911.

ఇంకొకటి మిగిలింది, పసలూబాంగ్. ఊరెళ్లి వస్తే అందరికీ ఏదో ఒకటి తేవాలి. ఒంటరిగా వెళ్లినందుకు ఇంట్లో కోపం ఉంటే ఇది ఇంకా ఎక్కువ తేవాలి! సెబూ నుంచి ఓతాప్ అనే బిస్కెట్లు, బకోలోద్ నుంచి పియాయా అనే తీపి రొట్టె, బాగియో నుంచి ఊబే, అంటే ఊదారంగు దుంప జామ్. చవక టికెట్టుకి చేతిసంచీ ఏడు కిలోలే. గాజు సీసా జామ్ బరువు, పైగా విదేశీ విమానంలో వంద మిల్లీలీటర్లు దాటిన జామ్‌ని చేతిసంచీలో పోనివ్వరు. పియాయా పల్చగా ఉంటుంది, బరువుండదు, అదే మేలు.

మనవాళ్లు వెళ్లాలంటే: 2025 జూన్ నుంచి భారతీయులకి పర్యటనకి 14 రోజులు వీసా అక్కర్లేదు. అది పొడిగించరు. తిరుగు టికెట్టు, బస రుజువు, ఆరు నెలల పాస్‌పోర్టు చూపించాలి, ఈట్రావెల్ మనమూ నింపాలి. 14 రోజులన్నారు కదా అని 14వ రోజుకి టికెట్టు కొనకండి. పన్నెండో రోజుకి కొనండి. దీవిలో ఒకటో నంబరు ఎగిరితే ఆ రెండు రోజులు కావాలి. దావోలో పిల్లలు మెడిసిన్ చదువుతున్నవాళ్లు ఇక్కడ ముగ్గురు నలుగురు ఉన్నారని విన్నాను. చూడ్డానికి వెళ్లే తల్లులకి మనీలాలో విమానం మారడం గురించి విడిగా చెప్పాలి, ముందు వరసలోకి రండి. మిగతావాళ్లు ప్రశ్నలు చీటీ మీద రాసి పంపించండి.